వానల చివర గెరెవోల్

సహారా ఎడారికి దక్షిణంగా, ఆఫ్రికా ఖండానికి అడ్డంగా పరుచుకున్న సాహెల్ ప్రాంతంలో వాన సుమారుగా జూన్ నుంచి సెప్టెంబరు వరకే పడుతుంది. మిగిలిన నెలల్లో వోడాబే పశుపాలకులు చిన్న చిన్న కుటుంబాలుగా విడిపోయి మేతను, నీటిని వెతుక్కుంటూ తిరుగుతారు, ఎందుకంటే ఎండాకాలంలో ఒకే బావి మీద అనేక మందలు పడితే ఏ మందా బతకదు. వానలు వెనుకబట్టే రోజుల్లో మాత్రం గడ్డి ఏపుగా ఉంటుంది, కుంటలు నిండి ఉంటాయి, ఆవులు సమృద్ధిగా పాలు ఇస్తాయి. చెదిరిన వంశాలు ఒక్కచోట చేరడానికి అప్పుడే వీలవుతుంది. గెరెవోల్ జరిగేది ఆ కొద్ది రోజుల్లోనే. యువకులు ముఖాలకు రంగులు పూసుకుని యువతుల ముందు నాట్యమాడే వేడుకగా దాని ఫోటోలు లోకమంతా తిరిగాయి. కానీ ఆ రంగుల వెనుక ఉన్నది పశువూ గడ్డీ అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

వోడాబేలు ఫులానీ జాతిలో ఒక శాఖ. నైజర్, చాద్, నైజీరియా, కామెరూన్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ దేశాల్లో వీరు కనిపిస్తారు. నైజర్‌లోని ఇన్‌గాల్ దగ్గర, ఉప్పు నేలలను పశువుల చేత నాకించే క్యూర్ సాలే అనే జాతరకు సహారాలోని మరో సంచార జాతి తువారెగ్‌లతో పాటు వీరూ వస్తారు. అయితే 2023 జులైలో జరిగిన సైనిక తిరుగుబాటు తరువాత నైజర్ ప్రయాణం కష్టమైనందున మేము చాద్‌ను ఎంచుకున్నాము. హనుమకొండ నుంచి బయలుదేరి, ఆడిస్ అబాబా మీదుగా రాజధాని ఎన్‌జమెనా చేరి, అక్కడి నుంచి ఆగ్నేయంగా దుర్బాలి వైపు వెళ్లాము. నాతో వచ్చినవారు మా బావగారు. ములుగు, భూపాలపల్లి పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు.

శిబిరం చేరగానే నా చూపు యువకుల మీదికి పోయింది. బావగారు నా భుజం మీద చేయి వేసి, "మనుషులను సూడనీకి శానమంది వచ్చిండ్రు గని, ముందుగాల ఈ పసులను సూడు" అన్నారు. ముదురు ఎరుపు రంగు, ఎత్తయిన మూపురం, పైకి లేచి వంగిన పొడవాటి కొమ్ములు గల ఆ ఆవులు సాయంత్రం తమంతట తామే శిబిరానికి తిరిగి వచ్చాయి. ప్రతి కుటుంబం ముందూ నేల మీద చాచి కట్టిన ఒక పొడవాటి తాడుకు దూడలు వరుసగా కట్టి ఉంటాయి. వోడాబేలకు ఇంటి గోడలు లేవు. ఆ తాడే వాకిలికి హద్దు, దాని ఒక పక్క స్త్రీల స్థలం, మరో పక్క పురుషుల స్థలం. పాలు పితికేదీ, సొరకాయ బుర్రల్లో వాటిని తోడుపెట్టేదీ, సంతకు తీసుకుపోయి సజ్జలకు మార్చేదీ స్త్రీలే.

నాట్యానికి ముందు యువకులు చిన్న అద్దాలు పట్టుకుని గంటల తరబడి అలంకరించుకుంటారు. యాకే నాట్యానికి ముఖమంతా పసుపు వన్నె మట్టి పూసి, ముక్కు పొడుగునా తెల్లని గీత దిద్ది, కళ్లకూ పెదవులకూ నల్లని కాటుక పెడతారు. పండుగ పేరే గల గెరెవోల్ నాట్యానికి ఎర్రమట్టి పూసి, తలపాగాలో నిప్పుకోడి ఈక నిలుపుతారు. ఎత్తు, తెల్లని పళ్లు, తెల్లని కళ్లు, సూటి ముక్కు వారి దృష్టిలో అందానికి గుర్తులు. అందుకే వరుసగా నిలబడి, మునివేళ్ల మీద లేచి, కళ్లు విప్పార్చి, పళ్లు మెరిసేలా పెదవులను వణికిస్తూ పాడతారు. వాద్యాలేవీ ఉండవు; గొంతులు, చప్పట్లు, కాళ్లకు కట్టిన గజ్జెల మోత మాత్రమే వినిపిస్తాయి. ఎండలోనూ, రాత్రుళ్లూ, రోజుల తరబడి అలా ఆడడానికి ఎంత ఓర్పు కావాలో దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ముసలి స్త్రీలు వరుస ముందుకు పరుగెత్తి వచ్చి, బాగా ఆడేవారిని పొగిడి, తక్కినవారిని ఎత్తిపొడుస్తారు.

తీర్పు యువతులది. రెండు వంశాలు ఎదురెదురుగా నిలిచే ఈ పోటీలో ఒక వంశపు అమ్మాయిలు మరో వంశపు మగవారిలో మేటిని ఎంచుతారు. సిగ్గు, నిగ్రహం వారి ఆచారంలో గొప్ప గుణాలు కనుక, వారు తలవంచి, నెమ్మదిగా నడిచి వచ్చి, తమకు నచ్చినవాడిని చేతి సైగతో సూచిస్తారు. గెలిచినవాడికి దక్కేది వస్తువు కాదు, పేరు. మొదటి పెళ్లిని పెద్దలు పిల్లల చిన్నతనంలోనే దగ్గరి బంధువుల్లో నిశ్చయిస్తారు. తరువాత ఇష్టపడి చేసుకునే మరో రకం పెళ్లి, తేగల్, కూడా ఆచారమే, దానికి ఈ పండుగ దారి తీస్తుంది. దీన్ని మగవారి అందాల పోటీ అని పిలిచి ఊరుకోవడం నాకు నచ్చదు. ఎంచుకునే అధికారం ఎవరిదో ఆ పేరు చెప్పదు.

1970ల మొదట్లోనూ, 1984లోనూ వచ్చిన కరువుల్లో సాహెల్‌లో మందలకు మందలే తుడిచిపెట్టుకుపోయాయి. పశువు లేని కుటుంబం వలస గుంపులో నిలవలేదు. అటువంటివారిని నిలబెట్టే ఆచారం హబ్బనాయ: ఉన్నవాడు లేనివాడికి ఒక ఆవును ఇస్తాడు, అది రెండు మూడు ఈతలు ఈనిన తరువాత తల్లి తిరిగి వెళ్తుంది, దూడలు పుచ్చుకున్నవాడికే ఉండిపోతాయి. ఇది విన్న బావగారు, "మన ఊళ్ల పాలుకు పెయ్యనిచ్చుడు అసొంటిదే, గని వీళ్లది ఇంక పెద్ద మనసు" అన్నారు. మన దగ్గర పాలుకు ఇచ్చినవాడికి లాభంలో వాటా ఉంటుంది. అక్కడ ఇచ్చినవాడికి మిగిలేది బంధుత్వం. ఎదురెదురుగా నిలిచి ఆడే ఆ వంశాల మధ్య ఇచ్చిపుచ్చుకున్న ఆవులెన్నో ఉంటాయని తెలిసిన తరువాత నాకు ఆ పోటీ మరో రకంగా కనిపించింది.

వెళ్లదలచినవారికి ఒక విన్నపం. ఫోటో కోసం ఆడేవారి వరుసకూ అమ్మాయిలకూ మధ్య నిలబడవద్దు; ఆ ఖాళీ స్థలంలోనే పండుగ జరుగుతుంది. తేదీ, స్థలం వానను బట్టి పెద్దలు నిర్ణయిస్తారు కనుక చేతిలో అదనపు రోజులు ఉంచుకోండి. చాద్‌కు ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఆ టీకా వేస్తారు. వేసుకున్న 10 రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది, అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు.