అదే ఫ్లూట్ మళ్ళీ చేయించుకోవచ్చా?

"కొలతలన్నీ ఇస్తాం, అచ్చం ఇలాంటిదే ఇంకోటి చేసివ్వండి." ఇష్టమైన ఫ్లూట్ చీలినవాళ్ళు ఎవరైనా ముందు అడిగేది ఇదే. హైదరాబాద్ ఎండలో తిప్పి, మళ్ళీ ఏసీ గదిలో పెడుతుంటే వెదురు నిలువునా చీలడం ఇక్కడ కొత్తేం కాదు. దారం చుట్టించుకుంటాం, నూనె పట్టిస్తాం, అయినా ఏప్రిల్ వచ్చేసరికి టెన్షనే. నా మటుకు నాకు జవాబు స్పష్టం: అంత మంచిది దొరకొచ్చు, అదే మాత్రం రాదు.

అలాగని వెదురులో ఏదో మహిమ ఉందని కాదు. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వెండి, రాగి, చెక్క గొట్టాలకి ఒకేలాంటి ఊదే భాగం బిగించి, ఏది ఏదో తెలియకుండా వాయింపజేసి వినిపిస్తే, విన్నవాళ్ళే కాదు వాయించినవాళ్ళు కూడా తేడా పట్టుకోలేకపోయారు. మోగేది లోపలున్న గాలి. గొట్టం లోపలి ఆకారం అదే అయితే నాదమూ దాదాపు అదే.

చిక్కంతా ఆ ఆకారంతోనే. రెండు కణుపుల మధ్య ముక్క చూడ్డానికి గుండ్రంగానే ఉంటుంది, కాలిపర్స్ పెట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిస్తే రెండు లెక్కలొస్తాయి, పైగా ఒక చివర కాస్త వెడల్పు, ఇంకో చివర ఇరుకు. గోడ మందం మారితే రంధ్రం లోతు మారుతుంది, దాంతో స్వరం కదులుతుంది. పాతదాని మీద గాంధారం (గ స్వరం) పలికే రంధ్రం ఎక్కడుందో కొలిచి కొత్త గొట్టం మీద సరిగ్గా అక్కడే కాల్చడం, అన్నయ్య కొలతలతో తమ్ముడికి చొక్కా కుట్టినట్టే. పని తెలిసినవాళ్ళు అలా చెయ్యరు. ఎర్రగా కాల్చిన ఊచతో ముందు చిన్న రంధ్రం వేసి, శ్రుతి పెట్టుకుని ఊది చూస్తూ, కొద్దికొద్దిగా పెద్దది చేస్తారు. పెద్దదయ్యేకొద్దీ స్వరం పైకెళ్తుంది, హద్దు దాటితే వెనక్కి తేవడం కష్టం.

ఇక ఊదే రంధ్రం. మంచి ఫ్లూట్‌లో గాలి తగిలే అవతలి అంచుని వేలి కొసతో తడిమి చూడండి, పైన నున్నగా ఉంటుంది, లోపలికి వెళ్తే కాస్త ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ వాలు ఎంతో స్కేలుకి అందదు. గరుకు కాగితంతో అక్కడ కొంచెం ఎక్కువ రుద్దితే చాలు, మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, గాలి చప్పుడొస్తుంది, పై స్వరాల తారస్థాయి మొండికేస్తుంది.

అసలు నకలు కావాలనుకోవడమే నాకు నచ్చదు. హిందుస్తానీ వేణు విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ వెతికింది పాత మురళికి నకలు కాదు, పెద్ద రాగాలకి సరిపడా మంద్రం పలికే వేణువు. లోహంతో సహా రకరకాలు ప్రయత్నించి, చివరికి సుమారు 32 అంగుళాల వెదురు దగ్గర ఆగారు.

కాబట్టి కొత్తది చేయించుకునేటప్పుడు కొలతల కాగితం కాదు, పాత ఫ్లూట్‌నే పట్టుకెళ్ళండి, పలికితే తయారుచేసే ఆయన ముందే వాయించండి, చీలక ముందు చేసిన రికార్డింగ్ ఉంటే వినిపించండి. వీలైతే ఒకే శ్రుతిలో రెండు మూడు ఊది చూసి ఎంచుకోండి, ఒకే చేతి పని అయినా వాటిలో ఒకటి మీ పెదాలకి వెంటనే కుదురుతుంది. శ్రుతి కొలిచే ట్యూనర్ చూసేవాళ్ళు గదిలో వేడి కూడా లెక్కేసుకోవాలి, ఒక్క డిగ్రీ పెరిగితే శ్రుతి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) పైకెళ్తుంది. చీలిన దాన్ని మాత్రం పారేయకండి. సన్నటి చీలికైతే జిగురు పోసి దారం బిగించి చుడితే చాలావరకు మళ్ళీ పలుకుతుంది, కొత్తదానికి డబ్బు పెట్టే ముందు ఆ పని చేయించి చూడండి.