ఎప్పుడు తగిలిందో చెప్పలేని దెబ్బ

కుడి కాలు బెణికిన క్షణం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. షటిల్ డబుల్స్, స్కోరు 17-17. ఎగిరి స్మాష్ కొట్టి కిందికి దిగేసరికి నా పాదం పార్ట్‌నర్ బూటు మీద పడి లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు గుడ్డ చిరిగినట్టు అనిపించింది. కాసేపటికే ఎముక కనబడనంత వాపు. పక్క కోర్టు వాళ్లు కూడా ఆట ఆపి పరుగెత్తుకొచ్చారు. ఒకరు ఐస్ తెచ్చారు, ఒకరు కుర్చీ వేశారు. ఇంకొకాయన "నరం మీద నరం ఎక్కి ఉంటుందమ్మా, ఒక్కసారి గట్టిగా లాగితే సర్దుకుంటుంది" అంటూ పాదం పట్టుకోబోయారు. వద్దని బతిమాలాను.

ఎడమ మడమ వెనక నొప్పి ఎప్పుడు మొదలైందో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను. బెణికిన కాలు ఆరు వారాల్లో నన్ను మళ్లీ కోర్టుకు పంపింది. ఎవరి కంటా పడని ఈ రెండోది ఏడాది తినేసింది.

ముందు ఆ నరం సంగతి. మనం అన్నింటినీ నరం అనేస్తాం. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ లిగమెంట్. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు టెండన్. మెదడుకూ ఒంటికీ మధ్య కబుర్లు మోసేది నరం. ఆటల్లో ఎక్కువగా దెబ్బతినేవి లిగమెంట్లు, టెండన్లు, కండరాలు. నరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు. సగం తెగిన లిగమెంట్‌ను పట్టి లాగితే మిగతా సగం కూడా తెగొచ్చు. ఎవరి పాదమైనా సరే, దయచేసి లాగకండి.

డాక్టరు ఎక్స్‌రే రాసే ముందు వేళ్లతో చూశారు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు నొక్కారు, పాదం బయటి అంచు మధ్యలో, లోపలివైపు నొక్కారు. నాలుగడుగులు వేయమన్నారు. కుంటుతూ వేశాను. "ఎముకకేం కాలేదు, లిగమెంటే" అన్నారు. ఒట్టావా రూల్స్ అంటారట వీటిని, 1992లో కెనడా డాక్టర్లు తయారుచేశారు. ఆ ఎముకల మీద నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ డాక్టరు దగ్గరా కూడా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాల్సిందే.

విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే మంత్రం అందరికీ వచ్చు. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు రాసింది అది. ఐస్, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో ఆయనే మాట మార్చుకున్నారు. నేను నొప్పి తగ్గడానికి రెండు రోజులు ఐస్ పెట్టుకున్నాను, అంతే. నాకు నిజంగా పనిచేసింది ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం. లిగమెంట్ దెబ్బతింటే పాదం ఎటు వాలుతోందో తెలిసే జ్ఞానం కూడా మందగిస్తుంది. వాపు పోయిందని ఊరుకుంటే అదే కాలు మళ్లీ మడతపడుతుంది.

అన్ని దెబ్బలూ ఇలా తేలిగ్గా పోవు. మా గ్రూపులో ఒకమ్మాయికి ఎవరూ తగలకుండానే, దిగుతూ పక్కకు తిరగబోతే మోకాలు టప్‌మంది. రెండు గంటల్లో వాచిపోయింది. వారానికి వాపు తీసి నడవగలిగింది కాబట్టి తగ్గిందనుకుని ఆడింది, మోకాలు జారి కూలబడింది. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగింది. ఆ శబ్దం, వెంటనే వచ్చే వాపు, రెండూ ఉంటే ఆగి చూపించుకోవాలి. పిక్క మీద వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే అది పిక్కను మడమకు పట్టి ఉంచే అకిలిస్ టెండన్ తెగడం కావచ్చు. తలకు దెబ్బ తగిలి మైకం కమ్మినా, మతిమరుపుగా ఉన్నా ఆ రోజు ఇక ఆట లేదు, ఎంత బాగున్నాననిపించినా సరే.

ఇక నా ఎడమ మడమ. పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులు బిగుసుకుపోయినట్టు ఉండేవి. బాత్రూమ్ దాకా వెళ్లేసరికి సర్దుకునేది. కోర్టులో వార్మప్ అయ్యాక అసలు తెలిసేది కాదు. ఆడితే పోతున్న నొప్పి నొప్పే కాదనుకుని మూడు నెలలు ఆడాను. ఒక రోజు పై అరలో డబ్బా అందుకోవడానికి మునివేళ్ల మీద లేవబోతే కాలు లేవలేదు.

ఫిజియో మడమ ఎముకకు నాలుగు సెంటీమీటర్ల పైన అదే అకిలిస్ టెండన్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కింది. ప్రాణం పోయింది. రెండో కాలు కూడా పట్టి చూపించింది. అది సన్నటి తాడులా ఉంది, ఇది మధ్యలో ముడి వేసినట్టు లావుగా ఉంది. "ఎప్పుడు తగిలింది?" అని ఆమె అడగలేదు. "నొప్పి రాకముందు రెండు నెలల్లో ఏం మారింది?" అంది. ఫోన్ తీసి వెనక్కి వెళ్లి చూశాను. వారానికి మూడు రోజుల ఆట ఐదు రోజులైంది. స్టామినా కోసం స్కిప్పింగ్ మొదలుపెట్టాను. మడమ పలచగా ఉన్న కొత్త బూట్లు కొన్నాను. మూడూ ఒకే నెలలో. ఊపిరి, కండరాలు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, టెండన్‌కు నెలలు పడుతుంది. ఆయాసం రావడం లేదు కదా అని నేను పెంచుకుంటూ పోయాను.

అంతకుముందే మూడు వారాలు పూర్తిగా మానేసి చూశాను. నొప్పి మాయమైంది. మొదటి రోజు ఆడగానే తిరిగొచ్చింది. పని లేని టెండన్ ఉన్న బలం కూడా పోగొట్టుకుంటుందని అప్పుడు తెలియదు. దానికి బరువే మందు, కాకపోతే కొలిచి ఇవ్వాలి.

మందు ఏమిటంటే మెట్టు. మునివేళ్లు మెట్టు అంచు మీద, మడమ గాల్లో. రెండు కాళ్లతో పైకి లేచి, ఎడమ కాలొక్కదాని మీదే నెమ్మదిగా మడమను మెట్టు కిందికి దించాలి. మోకాలు చాపి 15 చొప్పున మూడుసార్లు, వంచి మూడుసార్లు, పూటకు 90, రోజుకు 180, 12 వారాలు. 1998లో స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ బృందం చూపించిన పద్ధతి. ఓర్చుకోగల నొప్పి ఉన్నా చేయమంది ఫిజియో. టెండన్ ఎముకకు అతికే చోటే నొప్పి ఉంటే మాత్రం మడమను మెట్టు కిందికి దించకూడదట. అందుకే ముందు ఎవరికైనా చూపించుకోండి. రెండో వారంలో మానేద్దామనుకున్నాను. ఏడో వారంలో ఒక పొద్దున బాత్రూమ్ దాకా మామూలుగా నడిచి వెళ్లాక గుర్తొచ్చింది, నొప్పి లేదని. కోర్టులో పూర్తి మ్యాచ్‌కు ఇంకా చాలా నెలలు పట్టింది.

ముంజేతి పైభాగాన్ని పట్టే టెన్నిస్ ఎల్బో కూడా ఈ జాతిదే. 2004లో సచిన్‌కు వచ్చినప్పుడే చాలామందిమి ఆ పేరు విన్నాం. ముంగాలి ఎముక పొడవునా నొప్పి అయితే కొంత నయం. ఒక్క చోట వేలు పెట్టి చూపించగలిగితే, పడుకున్నా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడే బరువుకు ఎముకలో వచ్చే సన్నటి పగులు, అనుమానించాలి. పి.వి. సింధు 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాలి నొప్పితోనే స్వర్ణం గెలిచింది. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలి అదే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది.

మొన్న మా అన్నయ్య కొడుకు మోకాలి చిప్ప కింద నొప్పి అన్నాడు. పదమూడేళ్లవాడు, వాలీబాల్ ఆడతాడు. ఎదిగే వయసు నొప్పులని ఇంట్లో కొట్టిపారేశారు. నొక్కి చూస్తే చిప్ప కింద చిన్న గడ్డలా ఉంది.

"ఎక్కడైనా పడ్డావా?"

"లేదత్తా."

"ఈ రెండు నెలల్లో ఏం మారిందో చెప్పు."

వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. స్కూల్ టీమ్ నాలుగు రోజులు, బయట కోచింగ్ మూడు రోజులు. ఆగి, మళ్లీ మొదటి వేలు ముడిచాడు. "శనివారం రెండూ ఉంటాయత్తా."