పక్క ట్యాబ్

ఈ వారం క్లాసులో పిల్లలకు 'చెట్టు ఆక్టోపస్' వెబ్‌సైట్ చూపించాను. 1998లో ఎవరో కల్పించి పెట్టిన సైట్ అది. అలాంటి జీవే లేదు. ఫొటోలు, శాస్త్రీయ నామం చూసి చాలామంది నమ్మేశారు.

ఆ పేజీలోనే వెతకడం ఆపి, పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, దీని గురించి వేరేవాళ్లు ఏం రాశారో చూడమన్నాను. ఫ్యాక్ట్ చెకర్లు, అంటే వార్తల్లో నిజమెంతో సరిచూసేవాళ్లు, చేసేది అదే. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు పోల్చి చూస్తే, చరిత్రకారుల కన్నా ఫ్యాక్ట్ చెకర్లే త్వరగా నిజం పట్టుకున్నారు. మా పిల్లలకు రెండు నిమిషాలు చాలింది!

తర్వాత తలా ఒక నిమిషం వీడియో చేయించాను. అసలు మార్పు అక్కడ కనిపించింది. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి, ఎడిటింగ్ అంతా అయిపోయాక వచ్చి, "ఈ ఫొటో ఎవరు తీశారో దొరకలేదు మేడమ్, తీసేయనా?" అంది. నాకు కళ్లు చెమర్చాయి. దాని బదులు తనే బొమ్మ గీసి పెట్టింది.