బోరునీళ్ల రిపోర్టులో ‘బీడీఎల్’ అని ఉంటే

రేణిగుంట, గాజులమండ్యం చుట్టుపక్కల ఫ్యాక్టరీల దిగువన పొలాలున్నవాళ్లు బోరునీళ్లు పరీక్ష చేయిస్తే, సీసం ఎదురుగా ‘బీడీఎల్’ (బిలో డిటెక్షన్ లిమిట్) అని వస్తుంది. హమ్మయ్య అనుకుంటారు. ఆ మాటకు సీసం లేదని కాదు అర్థం, ఆ ల్యాబు పట్టుకోగలిగినంత లేదని. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ల్యాబు 0.05 కంటే తక్కువను చూడలేకపోతే, హద్దుకు నాలుగు రెట్లున్న నీళ్లకూ బీడీఎల్ అనే రాస్తుంది. కాబట్టి డబ్బు కట్టకముందే “సీసానికి మీ డిటెక్షన్ లిమిట్ ఎంత?” అని అడగండి. 0.005 లేదా అంతకంటే తక్కువ చెబితేనే బాటిల్ ఇవ్వండి. కాడ్మియం హద్దు 0.003 కాబట్టి దానికి ఇంకా సున్నితమైన పరీక్ష కావాలి. ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ లోహాన్ని కూడా పట్టుకునే యంత్రం) ఉన్న ల్యాబైతే రెండూ తేలతాయి.

టీడీఎస్ మీటరు ఇక్కడ ఎందుకూ పనికిరాదు. అది కొలిచేది మొత్తం ఉప్పుల్ని. భూసార పరీక్ష కార్డులోని 12 అంశాల్లోనూ సీసం, కాడ్మియం, క్రోమియం లేవు. అవి కావాలని విడిగా రాసివ్వాలి.

ఎక్కువ తప్పులు నీళ్లు పట్టేచోటే జరుగుతాయి. మోటారు వేసి పది నిమిషాలు నీళ్లు వదిలేయాలి. ట్యాంకు కుళాయి దగ్గర కాకుండా బోరు దగ్గరే పట్టాలి, ఎందుకంటే ఇత్తడి కుళాయి నుంచి సీసం, జీఐ పైపు నుంచి జింకు నీళ్లలోకి దిగుతాయి. ల్యాబు ఇచ్చే ప్లాస్టిక్ బాటిల్‌లో ముందే నైట్రిక్ యాసిడ్ పోసి ఉంటే, దాన్ని కడిగి పారబొయ్యొద్దు. ఆ యాసిడ్ లేకపోతే సీసం బాటిల్ గోడలకు అంటుకుపోయి, నీళ్లలో ఉన్నదానికంటే రిపోర్టులో తక్కువ కనిపిస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు ఇంకొకటి ఉంది. నీళ్లు కాస్త మురికిగా ఉంటే అదే యాసిడ్ మట్టి రేణువుల్లోని లోహాన్ని కూడా కరిగించేస్తుంది. నీళ్లలో లేని సీసం రిపోర్టులో ప్రత్యక్షమవుతుంది. అలాంటప్పుడు రెండు బాటిళ్లు పట్టాలి. ఒకటి అలాగే, రెండోది 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, ఆ తర్వాతే యాసిడ్ కలపాలి. ఎలక్ట్రోప్లేటింగ్ (లోహపు పూత వేసే) యూనిట్ల దిగువనైతే హెక్సావలెంట్ క్రోమియానికి (క్రోమియంలో ఎక్కువ విషమైన రూపం) మూడో బాటిల్ కావాలి. దాన్లో యాసిడ్ వేయకూడదు. ఐసులో పెట్టి అదేరోజు ల్యాబుకు చేర్చాలి.

మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి పట్టిస్తే మంచిది. ఒక్క రిపోర్టుతో ఫ్యాక్టరీవాళ్లతో వాదనకు దిగొద్దు.

మట్టి సంగతి వేరు. సీసం నీళ్లతో పెద్దగా కిందికి దిగదు, పైమట్టిలోనే కూర్చుంటుంది. అందుకే మామూలుగా తీసే 15 సెంటీమీటర్ల లోతు మట్టిలో అది పలచబడిపోతుంది. పైన 5 సెంటీమీటర్లు ఒక సంచిలో, దాని కింది 10 ఇంకో సంచిలో తీయండి. దున్నిన మడిలో రెండూ కలిసిపోయి ఉంటాయి, దున్నని గట్టు మీదైతే తేడా దొరుకుతుంది. పైనే ఎక్కువుండి కింద లేకపోతే పొగ, దుమ్ము మీద అనుమానం. వంక పక్కనే ఎక్కువుండి దూరం పోయేకొద్దీ తగ్గితే నీళ్ల మీద అనుమానం. ఫ్యాక్టరీకి గాలి వచ్చేవైపు, రెండు మూడు కిలోమీటర్ల అవతల అదే రకం ఎర్రనేల నుంచి ఒక సంచి తప్పనిసరి. పోల్చడానికి అది లేకపోతే అంకెలతో ఏమీ తేలదు. తుప్పు పారకు బదులు స్టీలు గరిటె వాడండి. నీడలో ఆరబెట్టి, ‘టోటల్’ పరీక్ష అని రాయించండి. డీటీపీఏ పద్ధతి (మొక్కకు అందే భాగాన్నే అంచనా వేసేది)లో వచ్చే అంకె వేరు, దాన్ని దీనితో పోల్చకూడదు.

సీసం ఉందని తేలితే ముందు ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ ఆపండి. మామిడికాయలోకి సీసం చేరేది చాలా తక్కువ. ఆకు మీది దుమ్ము కడిగితే చాలావరకు పోతుంది. కాడ్మియం అలా కాదు, ఆకులోపలికే ఎక్కుతుంది, చెనిక్కాయ పప్పులోకీ వస్తుంది. నేల పులుపుగా ఉంటే సున్నం వేసి పీహెచ్ 6.5 దాటిస్తే రెండూ కొంత మట్టిలోనే బిగుసుకుంటాయి. సూపర్ ఫాస్ఫేట్ కూడా సీసాన్ని కట్టేస్తుంది కానీ, ఆర్సెనిక్ ఉన్న నేలలో ఆ ఆర్సెనిక్‌ను విడిపించేస్తుంది. కాబట్టి ఆర్సెనిక్ చూడకుండా ఫాస్ఫేట్ గుమ్మరించొద్దు.

తాగే నీళ్లు కాచినంత మాత్రాన లోహం పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ చాలావరకు తీసేస్తుంది. కానీ తీసిన లోహమంతా వృథాగా పోయే నీళ్లలోకే చేరుతుంది. ఆ పైపును పెరట్లో తోటకూర మడిలోకి వదలొద్దు.