బయోసేఫ్టీ కమిటీ దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

జీన్ మార్చిన కణాలతో ప్రయోగం చేయాలంటే బయోసేఫ్టీ కమిటీ అనుమతి కావాలి. ఆ లెటర్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

గుంటూరులో రీసెర్చ్ స్కాలర్‌ని. ఎల్‌హెచ్‌ఓఎన్ (లెబర్ హెరెడిటరీ ఆప్టిక్ న్యూరోపతి) అనే కంటి నరం జబ్బు మీద పని చేస్తున్నాను. తల్లి వైపు నుంచి వచ్చే ఈ జబ్బుతో ఎక్కువగా వయసులో ఉన్న మగపిల్లలకు చూపు పోతుంది. చాలామందిలో కారణం మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) డీఎన్‌ఏలో 11778వ చోట ఒక్క అక్షరం మారడం. అది 1988లో బయటపడింది. దాంతో ఆ శక్తి తయారీకి కావాల్సిన ఎన్‌డీ4 అనే ప్రోటీన్ దెబ్బతింటుంది. మైటోకాండ్రియా లోపలి డీఎన్‌ఏను సరిదిద్దడం చాలా కష్టం. అందుకని మంచి ఎన్‌డీ4 జీన్‌ను న్యూక్లియస్‌లో పెట్టి, ప్రోటీన్‌ను మైటోకాండ్రియా బయట, కణంలోనే తయారు చేయించి లోపలికి పంపాలి. దీన్నే అలోటోపిక్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. మా డిపార్ట్‌మెంట్‌లో ఈ పని మొదట ఎత్తుకున్నది నేనే, గర్వంగా చెబుతున్నాను.

సీక్వెన్స్ డిజైన్ ఇబ్బంది లేకుండా అయిపోయింది. కణాలూ దొరికాయి. అసలు గొడవంతా కమిటీ దగ్గరే.

అప్లికేషన్ తిరిగొచ్చింది. కారణం ఒక్క ముక్క: ‘సీక్వెన్స్ డేటాబేస్‌తో సరిపోలడం లేదు.’ ఎలా సరిపోతుంది? కావాలనే మార్చాం! యూజీఏ అనే కోడాన్‌ను (జీన్‌లో మూడక్షరాల మాట) మైటోకాండ్రియా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంగా చదువుతుంది. మైటోకాండ్రియా బయట ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లకు అదే స్టాప్, అంటే ఆగమనే గుర్తు. జీన్‌ను ఉన్నది ఉన్నట్టు పెడితే ప్రోటీన్ మధ్యలోనే తెగిపోతుంది. ఏయూఏ సంగతీ అంతే: లోపల మెథియోనిన్, బయట ఐసోల్యూసిన్. ఇదంతా అప్లికేషన్‌లో రాశాం కూడా.

వివరణ ఇవ్వమని పిలిచారు. మా గైడ్ మేడమ్ ఊళ్లో లేరు, ఒక్కదాన్నే వెళ్లాను. కూర్చోమనలేదు. ఒక మెంబర్, "ఏమ్మా, జెనెటిక్ కోడ్ అందరికీ ఒకటేనని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. నువ్వు కొత్తది కనిపెట్టావా?" అన్నారు. గదంతా నవ్వు. "సార్, మనిషి మైటోకాండ్రియా కోడ్ వేరని 1979లోనే తేలింది" అంటుంటే, "చాల్లేమ్మా" అని ఫైలు మూసేశారు. ఇంకొకాయన ఈ జీన్ పిల్లలకు పాకుతుందేమోనని అడిగారు. మేం అడిగింది ఫ్లాస్కులో పెరిగే కణాలకు! చదవకుండా ఫైలు మీద రాసే హక్కు ఎవరిచ్చారు వీళ్లకి? చూపు పోతున్న పిల్లల పని ఇది.

బ్రాడీపేటలో కలర్ ప్రింట్ తీయించాను, ఏ3 కాగితం మీద మూడు వరసలు. పైన అసలు జీన్‌ను మైటోకాండ్రియా చదివే తీరు, కింద మా జీన్‌ను బయటి రైబోజోమ్‌లు చదివే తీరు: 459 అమైనో ఆమ్లాలు, ఒక్కటీ తేడా లేదు. మూడో వరసలో అసలు జీన్‌ను బయట చదివితే ఏమవుతుందో వేసి, స్టాప్ వచ్చిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో చుట్టాను. ఈసారి మేడమ్ పక్కనే ఉన్నారు. ఆ మెంబర్ వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లి మొదటి ఎర్ర గుర్తు దగ్గర ఆగారు. "ఇది ఎక్కడుంటుంది?" అన్నారు. "మన ఒంట్లోనే సార్." సంతకం పెట్టారు. పొరపాటైందని ఒక్క మాట లేదు.

ఇలాంటి పని చేసేవాళ్లు ఆ మూడు వరసల కాగితం మొదటే జత చేయండి. గైడ్ లేకుండా ఆ గదిలోకి వెళ్లకండి. ఇన్‌వర్డ్ సీలు వేయించుకోకుండా ఏ కాగితమూ ఇవ్వకండి.

మా జీన్ తయారు చేసి పంపమని ఆర్డర్ పొద్దున్నే పెట్టేశాను. ఎన్‌డీ4 నీటికి గిట్టని ప్రోటీన్, మైటోకాండ్రియా బయటే అతుక్కుపోవచ్చు. అందుకే ముందు ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటీనేజ్-కె వేసి చూస్తాం: బయట ఉన్నది కరిగిపోతుంది, లోపలికి చేరినది మిగులుతుంది. తర్వాత కణాల తిండిలో గ్లూకోజ్ తీసేసి గెలాక్టోజ్ పెడతాం; దాని మీద బతకాలంటే మైటోకాండ్రియా బాగా పనిచేయాలి. అక్కడ ఈ జబ్బు కణాలు తట్టుకోలేవు. మా జీన్ ఎక్కిన కణాలు తట్టుకుంటే అప్పుడు ప్రోటీన్ పనిచేస్తున్నట్టు.