కెమెరా చూడని చోటు

2021లో నాకు బ్లాడర్‌లో, అంటే మూత్రసంచిలో, కేన్సర్ అని తేలింది. గడ్డ గీకి తీసేశారు. హైగ్రేడ్, అంటే దూకుడుగా పెరిగే రకం కాబట్టి, తిరిగి రాకుండా వారానికొకటి చొప్పున ఆరు వారాలు బ్లాడర్‌లోకి బీసీజీ (టీబీ టీకాలో వాడే మందే) ఎక్కించారు. ఆ తర్వాత రెండేళ్లు మూడు నెలలకోసారి, ఆపైన ఆరు నెలలకోసారి సిస్టోస్కోపీ, అంటే కెమెరాతో బ్లాడర్ లోపల చూడటం. గాజువాక నుంచి ఆస్పత్రికి వెళ్లడం, కెమెరా లోపలికి దిగుతుంటే పళ్లు బిగబట్టడం, "క్లీన్‌గా ఉంది మాస్టారూ" అనిపించుకుని మా ఆవిడతో టీ తాగడం. అలవాటైపోయింది.

కిందటేడాదీ క్లీనే అన్నారు. మూత్రంలోని కణాల్ని చూసే సైటాలజీ పరీక్షలో మాత్రం కేన్సర్ కణాలున్నట్టు వచ్చింది. ల్యాబ్‌లో సీసాలు మారిపోయాయేమో అని వాదించాను.

డాక్టరుగారు నా చీటీ వెనక బొమ్మ గీశారు. రెండు చిక్కుడు గింజలు, వాటి నుంచి దిగే రెండు గొట్టాలు, కింద సంచి. తర్వాత పెన్ను ఎత్తకుండా లోపలి అంచంతా ఒకే గీతగా తిప్పారు. "కిడ్నీ లోపల్నించి బ్లాడర్ దాకా ఇదంతా ఒకటే పొర. పొగాకు విషం పైనుంచే కదా దిగేది, దారంతా తగులుతుంది. మన కెమెరా సంచినే చూస్తుంది. బీసీజీ కూడా మామూలుగా పైకి ఎక్కదు," అన్నారు. ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చిన నా వైపు మా ఆవిడ ఒక్క చూపు చూసింది. ఇలా బ్లాడర్ తర్వాత పైన కిడ్నీలోనో గొట్టంలోనో రావడం మొత్తమ్మీద నూటికి ఐదుగురి లోపేనట, హైగ్రేడ్ వాళ్లకి ఇంకాస్త ఎక్కువట.

సీటీ యూరోగ్రామ్ రాశారు, రంగు మందు ఎక్కించి ఆ గొట్టాల్ని చూసే స్కాన్. స్కానింగ్ సెంటర్‌వాళ్లేమో రంగు మందు లేకుండా, రాళ్ల కోసం తీసే మామూలు సీటీ తీసి పంపేశారు. అందులో ఏమీ లేదు! రెండ్రోజులు పండగ చేసుకున్నాం. డాక్టరుగారు ఫిల్మ్ చూసి తల పట్టుకున్నారు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని మళ్లీ వెళ్లాను. రంగు మందు ఎక్కగానే ఒళ్లంతా వేడి పాకి, లుంగీ తడిసిందేమోనని తడుముకున్నాను. తడవలేదు, అలా అనిపిస్తుందంతే. మందు మూత్రంలోకి దిగేదాకా ఆగి మళ్లీ తీశారు. ఈసారి ఎడమ గొట్టం తెల్లటి గీతలా కనిపించింది, మధ్యలో ఎలుక కొరికినట్టు ఒక నొక్కు.

సన్నటి కెమెరాతో గొట్టంలోకి వెళ్లి ముక్క తీశారు. హైగ్రేడే. లేజర్‌తో కాల్చేయొచ్చు కదా అని అడిగాను. చిన్నదై, లోగ్రేడ్ అయితే కుదురుతుందట. అగనంపూడి హోమీ భాభా ఆస్పత్రిలో సెకండ్ ఒపీనియన్ తీసుకున్నా ఇదే మాట. ఎడమ కిడ్నీ, గొట్టం మొత్తం, అది బ్లాడర్‌లో కలిసేచోట చుట్టూ కొంత ముక్కతో సహా తీసేశారు. గొట్టం చివర వదిలేస్తే అక్కడే మళ్లీ మొలుస్తుందట.

పైన వచ్చినవాళ్లకి తిరిగి బ్లాడర్‌లో రావడం మాత్రం మామూలేనట. అందుకని మళ్లీ మొదటికొచ్చాను, మూడు నెలలకోసారి కెమెరా. మోకాళ్ల నొప్పులకి దాచుకున్న పెయిన్ కిల్లర్ గోలీలన్నీ మా ఆవిడ చెత్తబుట్టలో పడేసింది, ఉన్న ఒక్క కిడ్నీ కోసం.

పోయిన వారం "క్లీన్‌గా ఉంది మాస్టారూ" అన్నారు. టీ బంకు దగ్గర ఆగబోయాను. "సైటాలజీ, సీటీ రిపోర్టులు రానీ, తాగుదాం," అని ఆటో పిలిచేసింది.