ఇంకా అంటే ఆంకోరా

నరసాపురంలో ఒక లేసు ఎగుమతి ఆఫీసులో నా ఉద్యోగం. ఇటలీ మెయిల్స్‌కి జవాబు రాసేది నేనే. ఫోన్‌లో చూసి రెండేళ్లు నేర్చుకున్న భాష, అంతకు మించి చదువేమీ లేదు.

మొన్న నాట్ల రోజుల్లో మొగల్తూరు వైపు లేసు అల్లే ఆడవాళ్లంతా పొలాల్లోకి దిగిపోయారు. టేబుల్ క్లాత్‌లు సగంలో ఆగాయి. "ఆలస్యమైనా పంపేస్తామని రాసెయ్యమ్మా" అన్నారు మా సారు. నా బుర్రలో అది ముందు ఇంగ్లిష్‌లోకి దొర్లి 'ఈవెంచువల్లీ' అయింది. ఇటాలియన్‌లో అచ్చం అలాగే ఉండే 'ఎవెంతువాల్మెంతె' కనిపిస్తే పెట్టేశాను. దానర్థం 'అవసరమైతే, ఒకవేళ' అని! తెల్లారేసరికి జవాబొచ్చింది.

"ఏంటమ్మా, పంపుతామంటే అసలు పంపుతారా అని అడుగుతున్నాడేంటి?"

"నేనే తప్పు రాశానండి."

"ఆయ్, అయితే ఫోన్ చేసి చెప్పు."

'అల్లా ఫీనె' అనాల్సింది, అంటే చివరికి. 'యాక్చువల్లీ'దీ ఇదే మోసం. 'అత్తువాల్మెంతె' అంటే ప్రస్తుతం. మనవాళ్లు ప్రతి మాటకీ ముందు తగిలించే యాక్చువల్లీకి 'ఇన్ రెయల్తా' సరిపోతుంది.

ఆ రోజు నుంచి ఇంగ్లిష్‌ని మధ్యలోకి రానివ్వడం లేదు. 'స్టిల్', 'యెట్', 'మోర్' అని వాళ్లకి మూడు మాటలు. మనకి అన్నిటికీ ఇంకా, ఇటాలియన్‌కి ఆంకోరా. సరుకు ఇంకా రాలేదు, ఇంకా గోడౌన్‌లోనే ఉంది, ఇంకొంచెం దారం కావాలి: మూడింటిలోనూ ఆంకోరాయే. కాకపోతే 'మళ్లీ'కి కూడా దాన్నే వాడేస్తారు, అక్కడ మాత్రం మనం వేరు. నెమ్మదికి 'గా' చేర్చినట్టే వాళ్లు 'లెంతా'కి 'మెంతె' చేరుస్తారు. లాటిన్‌లో ఆ మెంతె అంటే మనసుతో అనట.

కష్టమల్లా ఇంగ్లిష్‌వాళ్ల 'ఆల్దో' దగ్గర, అంటే 'అయినా సరే' అనాల్సిన చోట. మనం 'వాన పడినా' అని క్రియ తోకకే కట్టేస్తాం. వాళ్లు ముందే 'సెబ్బేనె' అని మొదలుపెట్టి, పైగా క్రియ రూపం కూడా మారుస్తారు: 'వాన పడుతుంది' అనే ప్యోవె కాస్తా ప్యోవా అవుతుంది. అందుకని నేను అదే అర్థమిచ్చే 'ఆంకె సె' వాడతాను. దాంతో ప్యోవె ప్యోవెగానే ఉంటుంది. బద్ధకమే, ఒప్పుకుంటాను.

సరుకు వెళ్లిపోయింది. "వచ్చే ఏడు ఆర్డర్ రెట్టింపు చేస్తాడంటావా?" అన్నారు సారు. "మగారి" అన్నాను. అంత అదృష్టమా అని అర్థం చెప్పాక ఆఫీసంతా అదే మాట పట్టుకున్నారు. కరెంటొస్తుందా అంటే మగారి, జీతం పెరుగుతుందా అంటే మగారి.